తప్పును బయటపెట్టిన ఉద్యోగిని కాపాడుకోవడం ఎలా? ఫిర్యాదు అందుకునేవారి కోసం సమగ్ర మార్గదర్శి

కొన్నేళ్ల కిందట ఆడిట్ విభాగంలో ఉన్నప్పుడు నేనొక మెయిల్ చూశాను. స్టోర్స్‌లో పనిచేసే ఒకతను హెచ్ఆర్ హెడ్‌కి రాసిన మెయిల్ అది. మూడు నెలల్లో పదకొండు లోడ్లకు బిల్లులు పాసయ్యాయి, గేటు రిజిస్టర్‌లో మాత్రం ఏడు లారీలే లోపలికి వచ్చినట్టు ఉంది అని తేదీలతో సహా రాశాడు. చివర్లో "నా పేరు బయటికి రాకుండా చూడండి సార్" అని ఉంది. హెచ్ఆర్ హెడ్ ఆ మెయిల్‌ని ఉన్నదున్నట్టుగా పర్చేజ్ మేనేజర్‌కి ఫార్వర్డ్ చేశాడు. పైన ఒక్క లైను చేర్చాడు: "ఇదేంటో కాస్త చూసి చెప్పండి." ఆ బిల్లుల మీద సంతకాలు పెట్టింది ఆ పర్చేజ్ మేనేజరే.

ఆరు వారాల్లో స్టోర్స్ అతనికి నైట్ షిఫ్ట్ పడింది. ఆ తర్వాత వచ్చిన అప్రైజల్‌లో "టీమ్‌తో కలిసిపోవడం లేదు" అని రాశారు. అంతకుముందు నాలుగేళ్లూ అతని మీద ఒక్క మాట లేదు. ఎవరూ ఉద్యోగం నుంచి తీసేయలేదు. పొమ్మనలేక పొగబెట్టారు, అంతే. ఏడాది తిరక్కుండానే తనే రాజీనామా రాసిచ్చి వెళ్లిపోయాడు.

ఆ హెచ్ఆర్ హెడ్ దుర్మార్గుడేమీ కాదు. ఒక మనిషిని శత్రువు చేతిలో పెడుతున్నానన్న సంగతి ఆయనకు తట్టనే లేదు. ఈ మార్గదర్శి అలాంటివారి కోసమే: హెచ్ఆర్‌లో, ఆడిట్‌లో ఉన్నవాళ్లు, టీమ్ లీడర్లు, చిన్న సంస్థల యజమానులు. రేపు ఎవరో ఒకరు మీ గది తలుపు దగ్గర నిలబడి "ఒక విషయం చెప్పాలి" అంటారు. ఆ క్షణం నుంచి ఏం చేయాలో తెలిసి ఉండాలి.

సంస్థకు దీనివల్ల ఏం లాభం అని అడిగేవాళ్లకు ఒక లెక్క. సర్టిఫైడ్ ఫ్రాడ్ ఎగ్జామినర్ల అంతర్జాతీయ సంఘం ఏసీఎఫ్ఈ 2024లో వేసిన నివేదిక ప్రకారం, తాము పరిశీలించిన మోసాల్లో 43 శాతం ఎవరో ఒకరు ఉప్పందించడం వల్లే బయటపడ్డాయి. అలా చెప్పినవారిలో సగానికి పైగా ఆ సంస్థ ఉద్యోగులే. వాళ్ల నోరు మూయించిన సంస్థ తన కళ్లు తానే పొడుచుకున్నట్టు.

మొదటి అడుగు: ఫిర్యాదు రాకముందే దారి వేయండి

"ఏదైనా ఉంటే మీ మేనేజర్‌కి చెప్పండి" అన్నది దారి కాదు. తప్పు చేస్తున్నది ఆ మేనేజరే అయితే ఎవరికి చెప్పాలి? కనీసం రెండు దారులుండాలి, అందులో ఒకటి పై అధికారిని పూర్తిగా దాటుకుని వెళ్లేదై ఉండాలి. షేర్ మార్కెట్లో లిస్టయిన కంపెనీల్లో ఆడిట్ కమిటీయే (లెక్కలను పర్యవేక్షించే బోర్డు ఉపసంఘం) ఇలాంటి ఫిర్యాదులకు గోప్యమైన మార్గం ఏర్పాటు చేయాలని అమెరికా 2002లో తెచ్చిన సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం చెప్పింది. భారత కంపెనీల చట్టం, 2013లోని 177వ సెక్షన్ కూడా కొన్ని రకాల కంపెనీలకు ‘విజిల్ మెకానిజం’ (vigil mechanism, అంటే తప్పులను నిర్భయంగా చెప్పుకునే ఏర్పాటు) తప్పనిసరి చేసి, అవసరమైన సందర్భాల్లో ఆడిట్ కమిటీ చైర్మన్‌ని నేరుగా కలిసే వీలు కల్పించింది. యూరోపియన్ యూనియన్ 2019 డైరెక్టివ్ (సభ్యదేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవాల్సిన ఆదేశం) ప్రకారం 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో అంతర్గత ఫిర్యాదు మార్గం ఉండాలి. మీ సంస్థలో పదిహేను మందే ఉంటే పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. యజమానికి ఒక దారి, బయటి అకౌంటెంటుకో లాయరుకో ఇంకో దారి ఉంటే చాలు.

పాలసీలో మూడు విషయాలు విడమరిచి రాయండి. ఒకటి, ఈ రక్షణ పర్మినెంట్ ఉద్యోగులకే కాదు, కాంట్రాక్టు కార్మికులకు, ట్రైనీలకు, మానేసిపోయినవాళ్లకు కూడా వర్తిస్తుంది. రెండు, ఎవరి మీద ఫిర్యాదు వస్తే వాళ్లు ఆ ఫైలును తాకకూడదు, అది ఎండీ అయినా సరే. మూడు, కక్షసాధింపు దానికదే ఒక నేరం. అసలు ఫిర్యాదు రుజువు కాకపోయినా, కక్షసాధింపు రుజువైతే చర్య ఉంటుంది. ఈ మూడో వాక్యం చాలా పాలసీల్లో ఉండదు. నిజానికి ఉద్యోగి వెతికేది దానికోసమే.

పేరు లేని ఫిర్యాదులనూ తీసుకోండి. ఆకాశరామన్న ఉత్తరం అని చెత్తబుట్టలో పడేసే అలవాటు చాలా ఆఫీసుల్లో ఉంది. పేరు రాయలేదంటే అబద్ధమని కాదు, భయమని అర్థం. తేదీ, బిల్లు నంబరు, చోటు లాంటి వివరాలుంటే ఆ ఉత్తరాన్ని సంతకం ఉన్న ఫిర్యాదుతో సమానంగా చూడాలి.

రెండో అడుగు: మొదటి సంభాషణ

ఫిర్యాదు చేయడానికి వచ్చింది ఒకామె అనుకోండి. ఆమె ఎంతో టెన్షన్‌లో ఉంటుంది. రాత్రి నిద్రపోయి ఉండదు. ఇంట్లోవాళ్లు "మనకెందుకు ఈ గొడవ" అనే ఉంటారు. కాబట్టి ముందు కూర్చోబెట్టండి, తలుపు వేయండి, ఫోన్ పక్కన పెట్టండి. గాజు గోడల గదైతే వేరే చోటికి వెళ్లండి. గంటసేపు మీతో మాట్లాడుతూ ఆమె కనిపించిందంటే సగం రహస్యం అక్కడే పోయినట్టు.

"ఇది మన ఇద్దరి మధ్యే ఉంటుంది" అని మాత్రం అనకండి. విచారణ జరగాలంటే కనీసం ఇంకొకరికి చెప్పాల్సి వస్తుంది. పోలీసులు, కోర్టు అడిగితే ఇవ్వాల్సీ రావచ్చు. నిలబెట్టుకోలేని మాట ఇచ్చి తప్పితే ఆమె ఇంకెవర్నీ నమ్మదు. ఇలా చెప్పండి: "మీ పేరు నాకు, విచారణ చేసే ఒకరికి తప్ప ఎవరికీ తెలియదు. అంతకు మించి ఒక్కరికి చెప్పాల్సి వచ్చినా ముందు మిమ్మల్ని అడుగుతాను. చట్టం అడిగితే మాత్రం ఆపలేను, అప్పుడు కూడా ముందే మీకు చెప్తాను."

"మీకు ఇదంతా ఎలా తెలిసింది?" అనే ప్రశ్న మామూలుదే అనిపిస్తుంది, కానీ గొంతు కాస్త మారినా నేరం తనదే అన్నట్టు వినిపిస్తుంది. "మీరు చూసింది మొదట్నుంచి చెప్పండి" అంటే సరిపోతుంది. ఆమె ఉద్దేశం ఏమిటని తవ్వకండి. మేనేజర్‌తో పడకపోవచ్చు, ప్రమోషన్ రాలేదన్న బాధ ఉండొచ్చు. బిల్లు దొంగదా కాదా అన్నది ఆమె మనసులో ఏముందన్న దానిమీద ఆధారపడదు. చెప్పింది నిజమని నమ్మడానికి తగిన కారణం ఉంటే చాలు, ఉద్దేశంతో పని లేదన్నదే యూరప్ డైరెక్టివ్ వైఖరి కూడా.

లేచే ముందు తప్పకుండా అడగాల్సింది ఒకటుంది: "ఈ సంగతి మీకు తెలుసని ఇంకెవరికి తెలుసు?" ఆ పక్కనే ఇంకోటి: "ఈ వివరాలు చూస్తే ఇది మీరే చెప్పారని ఎవరైనా పసిగట్టగలరా?" స్టోర్స్ అతని విషయంలో గేటు రిజిస్టర్, బిల్లులు రెండూ చూసే అవకాశం ఉన్నది అతనొక్కడికే. పేరు చెరిపేసి పంపినా ఆ పర్చేజ్ మేనేజర్ నిమిషంలో పట్టేసేవాడు. ఈ రెండు ప్రశ్నలకు వచ్చిన జవాబుల మీదే మీ విచారణ ఎటునుంచి మొదలవ్వాలో తేలుతుంది.

మూడో అడుగు: పేరుకు తాళం వేయండి

అన్నింటిలోకీ ముఖ్యమైంది ఇదే. ఒకసారి పేరు బయటపడితే దాన్ని ఎవరూ వెనక్కి తేలేరు.

సత్యేంద్ర దూబే సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. జాతీయ రహదారుల సంస్థలో ఇంజనీరు. నాలుగు మహానగరాలను కలిపే స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల్లో అక్రమాల గురించి 2002లో ప్రధానమంత్రి కార్యాలయానికి ఉత్తరం రాసి, తన పేరు గోప్యంగా ఉంచమని కోరారు. ఆ ఉత్తరం పేరుతో సహా ఆఫీసులు తిరిగింది. 2003 నవంబరు 27న గయలో ఆయన్ని కాల్చి చంపారు. అది దోపిడీ కోసం జరిగిన హత్య అని సీబీఐ తేల్చింది. హత్య సంగతి అలా ఉంచినా, గోప్యంగా ఉంచమన్న పేరు ఫైళ్ల వెంట తిరగడం మాత్రం ఎవరూ కాదనలేని తప్పు. ఆ తర్వాతే, 2004లో, ఇలాంటి ఫిర్యాదులు తీసుకునే బాధ్యతను కేంద్ర ప్రభుత్వం అవినీతిపై నిఘా పెట్టే సెంట్రల్ విజిలెన్స్ కమిషన్‌కు అప్పగించింది.

కాబట్టి ఫిర్యాదు చేతికందిన రోజే పేరును, విషయాన్ని విడదీయండి. ఫిర్యాదుకు ఒక నంబరు ఇవ్వండి. పేరు, నంబరు కలిసి ఉన్న కాగితం ఒక్కటే ఉండాలి, అది మీ బీరువాలోనో పాస్‌వర్డ్ ఉన్న ఫైల్లోనో ఉండాలి. మిగతా అన్నిచోట్లా నంబరే. ఒరిజినల్ మెయిల్‌ని ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. విషయాన్ని మీ మాటల్లో కొత్తగా రాయండి. ఉద్యోగి వాడే ఊతపదాలు, ఆమె ఇంగ్లిష్ రాసే తీరు, స్పెల్లింగ్ తప్పులు కూడా మనిషిని పట్టిస్తాయి.

చిన్న చిన్న చోట్లే పేరు జారిపోతుంది. అందరూ వాడే ప్రింటర్ ట్రేలో మర్చిపోయిన కాగితం. క్యాలెండర్‌లో "స్టోర్స్ ఫిర్యాదు, మీటింగ్" అని ఆమె పేరుతో కనిపించే ఇన్విటేషన్. వర్డ్ ఫైల్ ప్రాపర్టీస్‌లో రాసినవారి పేరు. మెయిల్ బాక్స్‌ చూసే అధికారం ఉన్న సెక్రటరీ, ఐటీ అడ్మిన్. ఫిర్యాదుల మెయిల్‌కి ఎవరెవరికి యాక్సెస్ ఉందో ఈరోజే ఒకసారి చూడండి. మానేసిపోయినవాళ్ల పేర్లు కూడా అందులో ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

వివరాలను బట్టే మనిషి తెలిసిపోయే పరిస్థితైతే విచారణను వెడల్పు చేయండి. ఆ ఒక్క సప్లయర్ బిల్లులు అడిగే బదులు మొత్తం త్రైమాసికం బిల్లులు అడగండి. ఒక్క విభాగం బదులు మూడు విభాగాల్లో మామూలు తనిఖీ పెట్టండి. ఫిర్యాదు చేసిన ఆమెను కూడా మిగతావాళ్లతో పాటే, మధ్యలో ఎక్కడో పిలిచి మాట్లాడండి. ఆమెను ఒక్కదాన్నే వదిలేసినా అనుమానం వస్తుంది.

"ఇంతకీ ఎవరు రాశారు?" అన్న ప్రశ్న పైనుంచి వస్తుంది. కచ్చితంగా వస్తుంది. 2016లో బార్‌క్లేస్ బ్యాంకులో పేరు లేని ఉత్తరం వస్తే, దాన్ని రాసిందెవరో కనుక్కోమని సీఈఓ జెస్ స్టేలీ సెక్యూరిటీ సిబ్బందిని పురమాయించారు. బ్రిటన్ నియంత్రణ సంస్థలు 2018లో ఆయనకు 6,42,430 పౌండ్ల జరిమానా వేశాయి. మీ పై అధికారికి ఈ ఉదాహరణ చెప్పండి. "మీరు తెలుసుకోకపోవడమే మీకు రక్ష సార్. రేపు ఆ ఉద్యోగికి ఏం జరిగినా మీ మీదకు రాదు" అంటే చాలామంది ఆగిపోతారు.

నాలుగో అడుగు: ఈనాటి పరిస్థితిని రాసిపెట్టుకోండి

ఈ పని చేసేవాళ్లు తక్కువ, నాకైతే ఇది తప్పనిసరి. ఫిర్యాదు వచ్చిన రోజే ఆ ఉద్యోగి ప్రస్తుత పరిస్థితి ఒక పేజీలో రాసిపెట్టండి: జీతం, గత మూడేళ్ల రేటింగులు, షిఫ్ట్, చేస్తున్న ప్రాజెక్టులు, కూర్చునే చోటు, ఏయే మీటింగులకు పిలుస్తున్నారు, సెలవులు ఎలా మంజూరవుతున్నాయి. ఆరు నెలల తర్వాత "ఈమె మొదట్నుంచీ ఇంతే" అని ఎవరైనా అంటే, చూపించడానికి మీ దగ్గర కాగితం ఉంటుంది.

అలాగే ఆమెకు సంబంధించిన బదిలీ, అప్రైజల్, నోటీసు, కాంట్రాక్టు ముగింపు లాంటి నిర్ణయం ఏదైనా ఏడాదిపాటు మీ కంటపడే ఏర్పాటు చేయండి. ఆమె ఒక్కదాని పేరే ఆపితే మళ్లీ అనుమానం. అందుకే ఆ విభాగం మొత్తానికి సంబంధించిన నిర్ణయాలు ఇంకో సంతకం లేకుండా కదలకూడదని పెట్టండి.

ఐదో అడుగు: ఆరోపణ ఎదుర్కొంటున్నవారితో

వాళ్లకూ హక్కులున్నాయి. ఆరోపణ ఏమిటో తెలుసుకునే హక్కు, జవాబు చెప్పుకునే హక్కు. ఎవరు చెప్పారన్నది మాత్రం అందులో భాగం కాదు. దర్యాప్తు కాగితాల మీద, బిల్లుల మీద, రిజిస్టర్ల మీద నడవాలి, ఒక్క మనిషి సాక్ష్యం మీద కాదు. అలా నడిపితే పేరు చెప్పాల్సిన అవసరమే చాలాసార్లు రాదు.

మొదటి మీటింగులోనే ఒక కాగితం మీద సంతకం తీసుకోండి: ఫిర్యాదుదారు ఎవరో వెతకను, ఎవరి మీదా ఒత్తిడి తేను, సాక్ష్యాలు చెరపను అని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ కాగితం చూడగానే కొందరు "ఫలానావాడే కదా రాసింది?" అంటారు. అవునని, కాదని ఏదీ అనకండి. నవ్వకండి, కళ్లు తిప్పుకోకండి. "ఎవరన్నది మాట్లాడను" అనే మాటే ప్రతిసారీ, ఏ పేరు చెప్పినా. ఒక పేరుకు "కాదు" అని ఇంకో పేరుకు మౌనంగా ఉంటే జవాబు చెప్పేసినట్టే.

ఆరో అడుగు: కక్షసాధింపును గుర్తుపట్టండి

ఉద్యోగం నుంచి తీసేయడం, సస్పెన్షన్ అందరికీ కనిపిస్తాయి. కనిపించనివే ఎక్కువ. మెయిల్ గ్రూపులోంచి పేరు పోతుంది. మీటింగు అయిపోయాక "అయ్యో, మీకు చెప్పలేదా?" అంటారు. పది నిమిషాలు ఆలస్యమైతే మెమో, పక్కవాడు అరగంట ఆలస్యమైనా ఏమీ ఉండదు. చేతిలో పని తీసేసి ఖాళీగా కూర్చోబెడతారు, లేదా ముగ్గురు చేసే పని ఒక్కదాని నెత్తిన వేస్తారు. సెలవు అడిగిన ప్రతిసారీ ఏదో ఒక అడ్డు.

దీనికి తోడు సహోద్యోగుల వెలి ఉంటుంది. "ఇంటిగుట్టు లంకకు చేటు" అని, విభీషణుడని వెనకాల మాట్లాడుకుంటారు. ఆమె వస్తే టేబుల్ దగ్గర మాటలు ఆగిపోతాయి. ఇది అధికారుల తప్పు కాదని వదిలేయకండి. టీమ్ లీడర్‌ని పిలిచి, ఇది ఆపే బాధ్యత తనదేనని స్పష్టంగా చెప్పండి. మనిషిని విరిచేసేది ఎక్కువగా ఈ మౌనమే.

ఆమె వచ్చి చెప్పేదాకా ఆగకండి. మొదటి మూడు నెలలు రెండు వారాలకోసారి, తర్వాత ఏడాది వరకు నెలకోసారి మీరే పలకరించండి. "అంతా బాగుందా?" అంటే "బాగుంది సార్" అనే జవాబే వస్తుంది. "ఈ నెల షిఫ్టులు ఎలా పడ్డాయి? ఏ మీటింగుకైనా పిలవలేదా? సెలవు అడిగితే ఏమన్నారు?" అని అడగండి. నాలుగో అడుగులో రాసిపెట్టుకున్న పేజీతో పోల్చి చూడండి. ఫిర్యాదు చేసిన వారాల్లోనే కక్ష తీర్చుకుంటారని అనుకోవద్దు. అందరూ మర్చిపోయారనుకున్నాక, అప్రైజల్ సీజన్‌లో వస్తుంది.

తేడా కనిపిస్తే ముందు దాన్ని వెనక్కి తిప్పండి, తర్వాత విచారించండి. నైట్ షిఫ్ట్ రద్దు చేయండి, పేరును మళ్లీ మెయిల్ గ్రూపులో చేర్చండి. "ఇది ఫిర్యాదు వల్లే జరిగిందని రుజువేంటి?" అని ఆమెను అడగకండి. ఫిర్యాదుకీ దీనికీ సంబంధం లేదని నిరూపించుకోవాల్సింది ఆ నిర్ణయం తీసుకున్న మేనేజరే. యూరప్ డైరెక్టివ్ కూడా ఈ భారాన్ని అలాగే యాజమాన్యం వైపు మార్చింది, అది న్యాయం కూడా. ఎందుకు మార్చామో ఆ కారణం ఉన్న కాగితాలన్నీ మేనేజర్ బీరువాలోనే ఉంటాయి. ఉద్యోగి దగ్గర ఏముంటుంది?

రక్షణ పేరుతో ఫిర్యాదుదారునే వేరే చోటికి మార్చడం ఇంకో పొరపాటు. ఇద్దరిలో ఒకరిని కదపాల్సి వస్తే ఆరోపణ ఉన్నవారిని విచారణ అయ్యేదాకా పక్కన పెట్టండి. ఆమె తనంతట తాను అడిగితేనే బదిలీ, అది కూడా హోదా, జీతం తగ్గకుండా.

ఏడో అడుగు: జవాబివ్వండి

ఏడు రోజుల్లోపు "మీ ఫిర్యాదు అందింది", మూడు నెలల్లోపు "ఇదీ జరిగింది". యూరప్ డైరెక్టివ్ పెట్టిన గడువులివి, ఎక్కడైనా పనికొస్తాయి. శిక్ష వివరాలు చెప్పలేకపోవచ్చు. "మీరు చెప్పింది పరిశీలించాం, కొంత నిజమని తేలింది, చర్య తీసుకున్నాం" అని చెప్పినా ఆ మనిషికి ఎంతో ఊరట. ఏ జవాబూ రాకపోతే తొక్కేశారనుకుంటుంది. అలా అనుకుని ఫిర్యాదును సంస్థ బయటికి తీసుకెళ్తే తప్పు మీదే.

ఫిర్యాదును అలా బయటికి తీసుకెళ్లే హక్కును కాంట్రాక్టులతో కట్టేయకండి. విచారణ సాక్షులతో "ముందు అనుమతి లేకుండా ఎవరితోనూ మాట్లాడను" అని సంతకాలు తీసుకున్నందుకు అమెరికాలో కేబీఆర్ కంపెనీ 2015లో 1,30,000 డాలర్ల జరిమానా కట్టింది. అక్కడి సెక్యూరిటీస్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ ఆ పత్రాల్లోని మాటలు చూసే జరిమానా వేసింది. ఎవరినైనా నిజంగా ఆపారా లేదా అన్నది చూడలేదు.

ఫిర్యాదు తప్పని తేలితే? నిజాయితీగా పొరబడినవారికి పూర్తి రక్షణ ఉండాలి, అది మాట రూపంలో వారికి చెప్పాలి కూడా. అబద్ధమని తెలిసీ కావాలని చేసిన ఫిర్యాదు మీదే చర్య. ఆ రెండింటికీ తేడా తేల్చే పని ఆరోపణ ఎదుర్కొన్నవారి చేతికి ఎప్పుడూ ఇవ్వకండి.

ఫిర్యాదు చేయబోయేవారికి నాలుగు మాటలు

చూసిన రోజే తేదీ, సమయం, చోటు వేసి సొంత డైరీలో రాసుకోండి. విన్నది వేరు, చూసింది వేరు అని విడిగా రాయండి. ఆఫీసు కంప్యూటర్లో, ఆఫీసు మెయిల్‌లో ఫిర్యాదు తయారుచేయకండి. మీకు అధికారం లేని ఫైళ్లు తెరవకండి, కంపెనీ కాగితాలు ఇంటికి పట్టుకెళ్లే ముందు లాయర్‌ని అడగండి, ఎందుకంటే రేపు మీమీద కేసు పెట్టడానికి అదే సాకవుతుంది. మీ పాత అప్రైజల్ కాపీలు దగ్గర పెట్టుకోండి. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. ఒంటరిగా మోయడానికి ఇది చాలా బరువు.

చివరి అడుగు: ఆమె ఉద్యోగం మారినప్పుడు

విచారణ ముగిసి, ఏడాది గడిచి, ఆమె మంచి అవకాశం వచ్చి వెళ్తుందనుకోండి. కొత్త సంస్థ నుంచి రిఫరెన్స్ ఫోన్ వస్తుంది. అది ఎవరికి వస్తుందో ముందే నిర్ణయించండి. పాత మేనేజర్‌కి వెళ్తే "పని బాగానే చేస్తుంది కానీ..." అన్న ఒక్క సాగదీత చాలు, ఆ ఉద్యోగం పోవడానికి. ఆమె వెళ్లే రోజే చేసిన పనులు, రేటింగులు, హోదా ఉన్న లేఖ మీ సంతకంతో చేతికివ్వండి. ఫోన్ మీకే వచ్చేలా ఆ లేఖ మీద మీ నంబరు రాయండి. ఫోన్ వచ్చినప్పుడు ఆ లేఖలో ఉన్నదే చదివి వినిపించండి.